విదేశములలో స్వచ్ఛంద సేవ – వృత్తి నిర్ణయము

పదవ తరగతి పరీక్షలు ముగియగానే మన విద్యార్థుల యిండ్లలో ఒకే చర్చ సాగును: పి.యు.సి.లో సైన్సా, కామర్సా, ఆర్ట్సా? మేనమామ యొకటి చెప్పును, పొరుగువారు వేరొకటి చెప్పుదురు. వైద్యుడు కాదలచిన బాలుడు రోగి ప్రక్కన ఒక్క రాత్రియైనను మేల్కొని యెరుగడు. ఉపాధ్యాయిని కాగోరు బాలిక పదిమంది పిల్లలను కూర్చుండబెట్టి అక్షరము దిద్దించి యెరుగదు. ఎరుగక యెన్నుకొన్న వృత్తిలో బ్రతుకంతయు గడుపవలసి వచ్చుట సామాన్యమైన నష్టము కాదు. యువజనులు కొంతకాలము పరదేశమున జీతము కోరక సేవచేసి, తమ మనస్సు ఏ పనికి మొగ్గునో తెలిసికొనుట పెక్కు దేశములలో వాడుకగా నున్నది. దానిని గూర్చి ఇచట కొంత వివరింతుము.

ముందుగా పదమును చూతము. స్వ అనగా తన. ఛందము అనగా ఇచ్ఛ. పద్యములకు గణవిభజన చేసి విసిగిన విద్యార్థులు ఈ మాట వినగానే బెదరవలదు. ఇచట యతిప్రాసల పని లేదు. ఒకరి బలవంతము లేక తన యిచ్ఛచే చేయునది స్వచ్ఛంద సేవ. అయితే ఇచ్ఛ యొక్కటియే చాలునా? చాలదని మా అభిప్రాయము.

1958లో బ్రిటనునందు అలెక్ డిక్సన్ అను నాయన వి.ఎస్.ఓ. అను సంస్థను ఆరంభించి, పాఠశాల విడిచిన 18 ఏండ్ల యువకులను దూరదేశములకు పంపెను. కాలక్రమమున ఆ దేశములకు కావలసినది ఉత్సాహము కన్న నైపుణ్యమని తేలినది. పిదప సంస్థ శిక్షణయు అనుభవమును గలవారినే పంపసాగెను. చేత పని లేనివాడు వెళ్లినచో అతనికి అన్నము పెట్టి, దారి చూపి, జబ్బు చేసిన మందిచ్చు భారము ఆతిథ్యమిచ్చిన గ్రామముపై పడును గదా!

చేత పని యుండి వెళ్లినవాని కథ మనకు దూరమున లేదు. షోలాపురము మన బళ్లారివలెనే పలు భాషల పట్టణము. అచటి వీధులలో మరాఠీ, కన్నడము, తెలుగు మూడును వినబడును. తెలుగు నేతపనివారు తరతరములుగా అచట స్థిరపడియున్నారు. ఆ యూరి మరాఠీ కుటుంబమున 1910లో జన్మించిన ద్వారకానాథ్ కోట్నీస్ బొంబాయిలో వైద్యవిద్య ముగించి పై చదువునకు ఆయత్తమగుచుండెను. 1938లో జపాను దాడికి గురియైన చైనా మన దేశమును వైద్యసహాయము కోరెను. కాంగ్రెసు అధ్యక్షుడైన సుభాస్ చంద్రబోసు విజ్ఞప్తి చేయగా ఐదుగురు వైద్యుల బృందము బయలుదేరినది. కోట్నీసుకప్పుడు 28 ఏండ్లు నిండలేదు. ఇంటివారి సమ్మతి పొందియే ఆయన వెళ్లెనని తల్లిదండ్రులు గమనింతురు గాక.

అచట ఆయన చీనా భాష నేర్చెను. ఆ భాషలోనే రోగులతో మాటలాడి, వైద్యవిద్యార్థులకు పాఠములు చెప్పెను. 1941లో బెథ్యూన్ అంతర్జాతీయ శాంతి ఆసుపత్రికి అధిపతి యయ్యెను. తక్కిన నలుగురు స్వదేశమునకు మరలిరి. ఆయన మాత్రము 1942 డిసెంబరు 9న, 32వ యేట, అచటనే కన్నుమూసెను. మరలి వచ్చిన వారిలో బి.కె. బసు అను నాయన తరువాతి కాలమున చీనావారి సూదిచికిత్సను అభ్యసించి కలకత్తాలో ప్రచారము చేసెను. ఒకే ప్రయాణము; దానినుండి పొందిన దారులు మాత్రము వేరువేరు.

పరదేశమునుండి మన ప్రక్కకు వచ్చినవారును కలరు. స్పెయిను దేశీయుడగు విన్సెంట్ ఫెర్రర్ 1952లో భారతదేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరి, 2009లో మరణించువరకు కరవుసీమ గ్రామములలో సేవచేసెను. ఆయన భార్య ఆనీ ఇంగ్లండునుండి వచ్చి బొంబాయిలో పత్రికా రచయిత్రిగా నుండెను. ఆయన పనిని చూచి ఆ వృత్తిని విడిచి వెంట వచ్చి తెలుగు నేర్చినది. వారి సంస్థకు చెందిన బత్తలపల్లి ఆసుపత్రిలో స్పెయిను వైద్యులు సెలవులు పెట్టుకొని వచ్చి పనిచేసినారు.

వీరిలో కోట్నీసును, ఆనీయు పరభాషను నేర్చి పనిచేసిరి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్ర రాష్ట్రమునకును, బళ్లారి మైసూరునకును పోయినది మొదలు, మన పిల్లలు ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, కొన్ని వీధులలో ఉర్దూ మాటలాడుచు పెరుగుచున్నారు. ఇది పిల్లలకు కొరత యని చింతించు తల్లిదండ్రులను మేము చూచుచున్నాము. మేమట్లు తలపము. పొరుగువాని భాషలో తడబడుచు మాటలాడుటకు సిగ్గుపడని అలవాటు పరదేశమున మొదటి దినముననే అక్కరకు వచ్చును. డబ్బుతో అది దొరకదు.

ఇక ఆచరణ. ఐక్యరాజ్యసమితి 1970లో నెలకొల్పిన స్వచ్ఛంద సేవకుల సంస్థ 18 ఏండ్లు నిండినవారినే చేర్చుకొనును. అందాక కళాశాలలోని ఎన్.ఎస్.ఎస్. శిబిరములు గాని, ఊరి ఆసుపత్రి గాని పరీక్షాస్థలములుగా నుండవచ్చును. వైద్యమునందు మక్కువ గలవారు నెలరోజులు రోగులకు నీరందించి, చీటీలు చదివిపెట్టి, ఆ వాసనను, ఆ యేడ్పును ఓర్వగలరో లేదో చూచుకొనవలెను. ఓర్వలేకున్న అదియు లాభమే. ఐదేండ్ల చదువు వృథా కాలేదు.

విదేశ సేవ పేర పెద్ద రుసుము అడుగు మధ్యవర్తులు మెండుగా నున్నారు. అనాథ బాలల యిండ్లలో రెండు వారములు గడిపి రండని ఆహ్వానించువారును కలరు; మాటిమాటికి క్రొత్తవారు వచ్చి మాలిమి చేసికొని వెడలిపోవుటచే ఆ పసివారికి కలుగు బాధను వారు లెక్కింపరు. కావున తల్లిదండ్రులు సంతకము పెట్టుటకు ముందు ఉత్తరము వ్రాసి అడుగవలసినవి కలవు: పని యేమి? అది మా బిడ్డకు నేర్పువారెవరు? రుసుములో ఆ గ్రామమునకు చేరునదెంత? జబ్బు చేసిన బాధ్యత యెవరిది? లోగడ వెళ్లి వచ్చినవారితో మేము నేరుగా మాటలాడవచ్చునా? ఈ చివరి ప్రశ్నకు బదులు రాని చోటికి పంపవలదు.