ప్రభుత్వపు గ్రాంటు – దాని బహిరంగ లెక్క

మన కృష్ణదేవిపేటకు క్రొత్తగా వచ్చువారు మొట్టమొదట అడుగునది అల్లూరి సీతారామరాజు సమాధి యెచ్చటనని. విద్యార్థులను అచ్చటికి తోడ్కొని పోయినప్పుడెల్ల మేము చెప్పు కథ యొకటి కలదు. 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న మన కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై ఆయన దండెత్తెను. ఆయుధములను గైకొని పోవుచు, ఏమేమి తీసికొనెనో పట్టిక వ్రాసి, క్రింద సంతకము చేసి పోయెనని చెప్పుదురు. ఈ మాట విని ఒక బాలుడు, "కొల్లగొట్టినవారు కూడ లెక్క వ్రాయుదురా మాస్టారండీ?" అని అడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. ఎదిరి సొత్తును తీసికొన్నవాడే పద్దు వ్రాసి పోయినప్పుడు, మన సొత్తును మనలో ఒకరికి ఇచ్చు ప్రభుత్వము ఏమి వ్రాయవలెను? వ్రాసినదానిని ఎవరికి చూపవలెను?

గ్రాంటు అను ఇంగ్లీషు మాట మన నోళ్లలో నలిగి తెలుగైపోయినది. తిరిగి చెల్లింప నక్కఱలేకుండ, ఒక నిర్ణీత కార్యమునకై ప్రభుత్వమిచ్చు ధనమే గ్రాంటు. బ్యాంకు అప్పువలె దానికి వడ్డీ లేదు. గుత్తేదారున కిచ్చు బిల్లువలె దానికి బదులుగా ప్రభుత్వము చేతికి వచ్చు వస్తువును లేదు. అట్టి ధనమును వ్యాపారము చేసికొనువానికి ఏల ఇయ్యవలెనని పెద్దలు కొందఱు అడుగుదురు. అది సహేతుకమైన ప్రశ్నయే. క్రొత్త యంత్రమునో, క్రొత్త మందునో కనిపెట్టబూనువారిలో పెక్కుమంది ఓడిపోవుదురు. ఓటమికి అవకాశము మెండుగా నున్నచోట బ్యాంకులు అప్పీయ వెనుదీయును. గెలిచిన ఒక్కనివలన పదిమందికి మేలు కలుగునని తలంచి, ఆ నష్టభయములో ప్రభుత్వము పాలు పంచుకొనును.

మన జిల్లా ముఖ్యపట్టణమైన అనకాపల్లిలో 1913లో చెఱకు పరిశోధన ఆరంభమైనది. అచ్చట ప్రభుత్వమే పరిశోధన చేయించెను గనుక, ఫలముగా వచ్చిన చెఱకు రకమును ఏ రైతైనను నాటుకొనవచ్చును. ఒక వ్యాపారి పరిశోధనకు ఇచ్చిన గ్రాంటు అట్టిది కాదు. ఖర్చు అందఱిది, లాభము మొదట ఒకనిది. కావున పద్దు విషయమున ఇదియే ఎక్కువ జాగ్రత్త కోరును.

ఈ ధనము స్వల్పమును కాదు. 2021లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పథకమునకు 945 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. ఒక ఆలోచన నిజముగా పనిచేయునా యని పరీక్షించుకొనుటకు ఒక్కొక్క సంస్థకు 20 లక్షల వఱకు గ్రాంటు ఇయ్యవచ్చునని అందలి నియమము. జీవసాంకేతిక రంగమునకై 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ ఒక పథకము క్రింద 50 లక్షల వఱకు ఇచ్చుచు వచ్చినది. సంతలో సబ్బుబిళ్ల కొన్న కూలిమనిషి కట్టిన పన్నును ఇందులో కలదని విద్యార్థులు మఱవరాదు.

ఇక మాకు దగ్గఱగా జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా పూర్వవిద్యార్థి యొకడు జీడిపిక్కలు కొట్టు పనిలో నున్నాడు. పిక్క పగిలినప్పుడు చిమ్ము జీడినూనె చేతులను కాల్చి నల్లబఱచునని ఈ ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. అతని తల్లి చేతులును అట్టివే. కాలితో త్రొక్కు కత్తెర మిషనునకు ఒక మూతను, ఒక పట్టుకొయ్యను అమర్చి, చేయి పిక్కకు తగులకుండ పని జరుగునట్లు అతడు చేసెను. దానిని మెఱుగుపఱచుటకై ఒక ప్రోత్సాహక పథకమునకు దరఖాస్తు పెట్టుకొనెను. ఎనిమిది నెలలు గడచినను జవాబు రాలేదు. అంతలో ప్రక్కమండలములో మఱియొకరికి గ్రాంటు వచ్చినదని తెలిసెను. ఎందుకు వచ్చినదో, ఎంత వచ్చినదో ఎవరికిని తెలియదు. తెలియనిచోట ఊహ పుట్టును గదా! "పైరవీ చేసికొన్నాడు" అని టీకొట్టులో అందఱును తీర్మానించిరి. మా శిష్యుడును నమ్మెను. నిజము చెప్పవలెనన్న మేమును సగము నమ్మితిమి. ఆ రెండవ మనిషి యోగ్యుడే కావచ్చును. లెక్క కనబడనందున రానివానికి కారణము తెలియలేదు, వచ్చినవానికి అపకీర్తి తప్పలేదు.

చట్టము ఈ విషయమున ఊరకుండలేదు. 2005 అక్టోబరు 12 నుండి అమలులోనికి వచ్చిన సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను, ప్రతి ప్రభుత్వ కార్యాలయమును అడుగకమునుపే ప్రకటింపవలసిన 17 విషయములను పేర్కొనుచున్నది. సబ్సిడీ పథకములు ఎట్లు నడపబడుచున్నవి, ఎంత కేటాయింపబడినది, లబ్ధిదారులెవరు అనునవి వానిలో పండ్రెండవది. రాయితీలును అనుమతులును పొందినవారి వివరములు పదమూడవది. ఆ సెక్షనులోనే మఱియొక చిన్న వాక్యము కలదు: ఒక నిర్ణయమువలన ఎవరికి లాభనష్టములు కలుగునో వారికి ఆ నిర్ణయమునకు గల కారణములను తెలుపవలెను. జనులు ఎక్కువగా ఎఱుగనిది ఇదియే. మాకు మిక్కిలి విలువగలదిగా తోచునదియు ఇదియే.

ప్రకటింపనిచో అడుగవచ్చును. మన రాష్ట్ర నియమములలో గ్రామస్థాయి కార్యాలయమున రుసుము లేదు. మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబునకు గడువు 30 దినములు. అది రానియెడల అదే శాఖలోని పై అధికారికి అప్పీలు, పిమ్మట సమాచార కమిషనునకు రెండవ అప్పీలు.

తరగతిలో ఈ పాఠము చెప్పునప్పుడు ఒక బాలిక, "లెక్కలన్నియు బయట పెట్టినచో కనిపెట్టినవాని రహస్యము ఇతరులు దొంగిలింపరా అండీ?" అని ప్రశ్నించెను. చక్కని ప్రశ్న. వ్యాపార రహస్యము వెల్లడియై పోటీలో నష్టము కలుగునట్లయిన, అంతకు మించిన ప్రజాప్రయోజనము లేనప్పుడు, దానిని ఇయ్యనక్కఱలేదని 8వ సెక్షను చెప్పుచున్నది. అయితే ఏది రహస్యము? మిఠాయి దుకాణములో పాకము పట్టు తీరు రహస్యము కావచ్చును గాని, ఆ దుకాణదారునకు ఊరి సొమ్ము ఎంత ఇచ్చిరను మాట రహస్యము కానేరదు. పేరు, మొత్తము, ఏ పనికి, ఏ తేదీన అను నాలుగింటిని చూచి ఎవ్వడును యంత్రమును చేయజాలడు. పేటెంటును చూడుడు. ఆ మాటకు లాటిను మూలములో తెరచియున్నదని యర్థము. కనిపెట్టినవాడు తన విధానమును లోకమునకు వివరించును. మన దేశములో దానికి ప్రతిగా 20 సంవత్సరములు ప్రత్యేకహక్కు పొందును.

వ్యక్తుల సొంత వివరముల మాట వేఱు. ఇంటి చిరునామా, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య గోడకెక్కుట తగదు. ఇట్టి వివరముల రక్షణకై 2023లో చేసిన చట్టము సమాచార హక్కు చట్టములోని ఒక నిబంధనను గూడ మార్చినది. వ్యక్తిగత సమాచారమును నిరాకరించుటకు ఆ మార్పు కార్యాలయములకు ఎక్కువ చోటిచ్చినదని పలువురు ఆక్షేపించిరి. వారి భయము నిరాధారము కాదని మా అభిప్రాయము. లబ్ధిదారుని పేరే వ్యక్తిగతమన్నచో పండ్రెండవ అంశములో ఏమి మిగులును?

ఇతర దేశములలో ఈ ఆచారము పాతది. స్వీడను దేశము 1766లోనే ప్రభుత్వ పత్రములను పౌరులు చూడవచ్చునని శాసనము చేసెను. అమెరికాలో చిన్న వ్యాపారుల పరిశోధనకై 1982లో ఏర్పఱచిన పథకమున గ్రాంటు పొందిన సంస్థ పేరును, మొత్తమును, చేయబూనిన పని సారాంశమును ఎవరైనను చూడదగిన పట్టికలో ఉంచిరి. మనకు దూరదేశములే అక్కఱలేదు. ఆంధ్రప్రదేశములో 2006 నుండి ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలు జరిగినప్పుడు, ఎవరు ఎన్ని దినములు పని చేసిరో, ఎంత కూలి ముట్టినదో గ్రామసభలో బిగ్గఱగా చదివిరి. చనిపోయినవారి పేర కూలి వ్రాసిన సంగతులు అట్లే బయటపడెను. గూడెం కొండలలో రోడ్డు పనులకు న్యాయమైన కూలి ఇయ్యకపోవుట 1922 నాటి తిరుగుబాటునకు గల కారణములలో ఒకటి. ఆనాడు మంజూరైన కూలి ఇంతయని కూలివాని యెదుట చదివినవా రెవరు?

కూలి లెక్క చదివినంత సులభముగా పరిశోధన లెక్క చదువుట కుదరదని ఒప్పుకొనవలెను. చెఱువు త్రవ్విరా లేదా యనునది కంటికి కనబడును. ఆలోచన ఫలించెనా యనునది కనబడదు. గ్రాంటు పొందినవారు వినియోగ ధ్రువపత్రము దాఖలు చేయవలెనను నియమమున్నది. అయితే ఆ పత్రము సొమ్ము ఉద్దేశించిన పనికే ఖర్చైనదని మాత్రమే చెప్పును. యంత్రము పనిచేసినదా, పనిచేయనిచో ఎచ్చట చెడినది అను మాటలు చాలమట్టుకు ఫైళ్లలోనే నిద్రించును. ఓడిపోయిన ప్రయోగము నేరము కాదు. దానిని దాచినచో మఱియొకడు అదే గోతిలో మరల సర్కారు సొమ్ము పోయును. ఫలితము వ్రాయు గడి లేని పట్టిక సగము పట్టికయే.

మేము పదవ తరగతివారిచేత ఇట్టి పట్టిక యొకదానిని గీయించితిమి. పేరు, పని, మొత్తము, తేదీ, ఫలితము అని అయిదు గడులు గీసిరి. ప్రశ్న అడిగిన ఆ బాలికయే ఆఱవ గడి చేర్చెను: "ఇయ్యనివారికి చెప్పిన కారణము."

జీడిపిక్కల యువకునిచేత అదే వారమున 10 రూపాయల రుసుముతో అర్జీ వ్రాయించితిమి. ఇరువది తొమ్మిదవ దినమున ఉత్తరము వచ్చెను. మిషను ధర తెలుపు కొటేషను జతపఱచనందున దరఖాస్తు ప్రక్కన పెట్టబడెనట. ప్రక్కమండలపు మనిషి కాగితములన్నియు సక్రమముగానే ఉన్నవి. అతనికి వచ్చినది ఊరిలో చెప్పుకొన్నదానిలో మూడవవంతు. మా శిష్యుడు ఆ ఉత్తరమును టీకొట్టులో చదివి వినిపించెనని తెలిసినది. నర్సీపట్నములో కొటేషను తీసికొని అతడు మరల దరఖాస్తు పంపినాడు. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి జవాబు రాలేదు.