తుప్పు వదల్చుటకు ఏ రవ్వ వాడవలెను?

ట్రాక్టరు ట్రైలరు, నాగలి చట్రము, గొర్రు, ఇనుప నీటి ట్యాంకు వానకు తడిసి తుప్పుపట్టుట రైతు సోదరులందరకు తెలిసినదే. తుప్పుమీదనే రంగు వేసినచో అది కొలది కాలములోనే పొరలుగా లేచిపోవును. దాని క్రింద ఇనుము తినివేయబడుచునే యుండును. కావున రంగుకు ముందు తుప్పును పూర్తిగా వదల్చవలెను.

చిన్న పనిముట్లకు తీగ బ్రష్షు, గరుకు కాగితము చాలును. ట్రైలరు వంటి పెద్ద సామానుకు వర్క్‌షాపులలో కంప్రెసరు గాలితో గరుకు రవ్వను వేగముగా చిమ్మి తుప్పును రాల్చుదురు. ఈ పద్ధతికి 1870లో అమెరికాలో బెంజమిన్ టిల్గ్‌మన్ పేటెంటు పొందెను. రవ్వ తగిలినచోట పాత రంగు, తుప్పు రాలిపోయి ఇనుము గరుకెక్కును. ఆ గరుకే క్రొత్త రంగుకు పట్టునిచ్చును.

ఏటి ఇసుక ఎందుకు కూడదు?

ఇసుక చౌక. కాని అందులో అధికభాగము పలుగురాయి, అనగా సిలికా. ఇనుమునకు తగిలిన ఇసుక రేణువు పగిలి, కంటికి కనబడనంత సన్నని దుమ్మగును. ఆ దుమ్ము ఊపిరితిత్తుల లోతునకు పోయి అచ్చటనే నిలిచి, సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. పొడిదగ్గు, ఆయాసము దీని లక్షణములు. క్షయ సోకుటకును అవకాశము పెరుగును. ఒకసారి పాడైన ఊపిరితిత్తులను తిరిగి బాగుచేయు మందు లేదు. ముఖమునకు తువ్వాలు చుట్టుకొన్నంతమాత్రమున ఈ దుమ్ము ఆగదు.

బ్రిటన్‌లో 1949లోనే ఈ పనికి ఇసుకను నిషేధించిరి. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము సిలికోసిస్‌ను తప్పక తెలియజేయవలసిన వ్యాధులలో చేర్చినది. ఇనుము బాగుపడి మనిషి చెడినచో, కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లే.

ఏ సామానుకు ఏ రవ్వ?

1. గార్నెట్: మన భీమునిపట్నము తీరపు ఇసుకలలోను ఈ ఖనిజము కలదు. శుద్ధిచేసిన గార్నెట్‌లో విడి సిలికా చాల తక్కువ. ట్రైలరు, చట్రము వంటి వానికి మంచిది. జల్లించి మరల కొన్నిసార్లు వాడవచ్చును.

2. ఉక్కు రవ్వ: మందపు ఇనుమునకు, మొండి తుప్పునకు తగినది. అనేక పర్యాయములు పనికివచ్చును. మూసిన గదిలో వాడి, రాలినదానిని తిరిగి పోగుచేయవలెను. తడి తగలరాదు.

3. రాగి చిట్టెము: రాగిని కరిగించునపుడు మిగులునది. చౌక. సాధారణముగ ఒకసారికే పనికివచ్చును.

4. మొక్కజొన్న బెండు రవ్వ: గింజలు ఒలిచిన బెండులోని గట్టిభాగమును మరపట్టి చేయుదురు. మెత్తని లోహములను, ఇంజను భాగములను గీతలు పడకుండ శుభ్రపరచును. మొండి తుప్పును మాత్రము వదల్చలేదు.

రవ్వ ధర మాత్రమే చూడరాదు. ఇసుక ఒక దెబ్బకే పిండియగును. గార్నెట్, ఉక్కు మరల మరల వచ్చును.

పని చేయించునప్పుడు

ముందుగా బేరింగులను, గ్రీజు పెట్టు చోట్లను, హైడ్రాలిక్ కడ్డీలను గట్టిగా కప్పించవలెను. పని చేయువాడు శుభ్రమైన గాలి అందు టోపీ ధరింపవలెను. ఏ రవ్వ వాడినను ఇది తప్పదు. ఏలనన పాత రంగులో సీసము ఉండవచ్చును. పిల్లలను, పశువులను దూరముగా ఉంచవలెను. వాడిన రవ్వను పొలములోగాని, బావిదగ్గరగాని పోయరాదు.

శుభ్రపడిన ఇనుమును వట్టిచేతితో తాకక, అదేనాడు ప్రైమరు పూయవలెను. రాత్రి మంచు తగిలినచో తుప్పు మరల మొదలగును.

వర్క్‌షాపులో ఆ గొట్టము పట్టుకొను కుర్రవాడు తరచు మన పల్లెల నుండి పోయినవాడే. ట్రైలరును అప్పగించుటకు ముందు “ఏ రవ్వ వాడుదురు?” అని అడుగుడు. ఇసుక అని చెప్పినచో, అచ్చట ఆ పని చేయింపకుడు.