గ్లౌజు జత నుంచి బిల్లు దాకా

గోదావరిఖని బస్తీల్లో కుట్టు మిషన్ చప్పుడు కొత్త కాదు. ఆ మిషన్ మీద కుట్టిన చేతి గ్లౌజులు రామగుండం ఎన్టీపీసీ లాంటి సంస్థ స్టోరుకు చేరడానికి దళిత, గిరిజనులకు ఒక దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏటా కొనే సరుకులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచే కొనాలని 2012 నాటి ఉత్తర్వు చెబుతోంది. ఇక్కడి సింగరేణి బొగ్గు సంస్థలో మాత్రం 51 శాతం వాటా రాష్ట్రానిది కాబట్టి, దాని టెండరు నిబంధనలు విడిగా చదువుకోవాలి.

ముందుగా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు. ఆధార్, పాన్ ఉంటే చాలు, రూపాయి ఖర్చు లేదు. కుల ధ్రువీకరణ పత్రం దగ్గరుంచుకోండి. భాగస్వాములుంటే కనీసం 51 శాతం వాటా ఎస్సీ, ఎస్టీలదే కావాలి. హైదరాబాద్‌లో కొని ఇక్కడ అమ్మితే ఈ మేలు దక్కదు, సరుకు మీరే తయారు చేయాలి.

తర్వాత నమూనా. గ్లౌజు మొదట విడిపోయేది బొటనవేలు మొదట్లో. అక్కడ రెండు వరుసల కుట్టు వేసి, లోపలి వైపు తిప్పి, గట్టిగా లాగి చూడండి.

అసలు పని రేటు దగ్గరుంది. చిన్న పరిశ్రమ కాని కంపెనీ కూడా పోటీ పడే టెండరులో, అలాంటి కంపెనీ జత 100 రూపాయలకు అందరికన్నా తక్కువ వేసిందనుకుందాం. మీరు 113 వేశారు. తేడా 15 శాతం లోపే కాబట్టి, 100కు దిగుతారా అని మిమ్మల్ని అడుగుతారు. సరేనంటే, పంచడానికి వీలైన ఆర్డరులో కనీసం నాలుగో వంతు మీకు, మీలాంటి చిన్న పరిశ్రమలకు రావాలి. 4,000 జతలైతే 1,000. అందుకే గుడ్డ, దారం, కూలి, కరెంటు, రవాణా లెక్కేసి 100కు గిడుతుందో లేదో బిడ్ వేయకముందే తేల్చుకోవాలి. ధరావతు కట్టనక్కర్లేదు.

నన్ను బాధపెట్టే మాట ఒకటి ఆ ఉత్తర్వులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీలు ఎవరూ టెండరుకు రాకపోతే ఆ 4 శాతాన్ని వేరే చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చు. దయచేసి ఆ ఖాళీ వదలకండి.

సరుకు దించిన రోజే రసీదు మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 చట్టం ప్రకారం ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు రావాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, అదీ నెలనెలా. ఆ లెక్క మొదలయ్యేది ఆ రసీదు మీది తేదీని బట్టే.