పన్నెండు నిమిషాలకే ఆగిపోతున్న వీడియో

ప్రశ్న: ఫోన్‌లో 4కె వీడియో తీస్తుంటే పన్నెండు నిమిషాలు కాకముందే రికార్డింగ్ దానంతటదే ఆగిపోతోంది. మా చెల్లి పెళ్లిలో జీలకర్ర బెల్లం దాకా వచ్చింది, తలంబ్రాలు పోయాయి. 32 జీబీ మెమరీ కార్డు సగం ఖాళీగానే ఉంది. కెమెరా పాడైందా?

జవాబు: కెమెరాను అప్పుడే అనుమానించకండి. ఆగిపోయిన వీడియో డీటెయిల్స్‌లో సైజు చూడండి. ఇంచుమించు 4 జీబీ ఉంటే దొంగ దొరికినట్టే. 32 జీబీ, అంతకు తక్కువ కార్డులు సాధారణంగా ఫ్యాట్32 ఫార్మాట్‌లో వస్తాయి. కార్డు ఎంత ఖాళీగా ఉన్నా అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటడానికి వీల్లేదు. సెకనుకు 30 ఫ్రేముల 4కె వీడియో చాలా ఫోన్లలో నిమిషానికి దాదాపు 350 ఎంబీ మింగుతుంది. లెక్క వేసుకోండి, మీ పన్నెండు నిమిషాలు సరిపోతాయి. కొన్ని ఫోన్లు ఆ హద్దు రాగానే చప్పుడు చేయకుండా రెండో ఫైలు మొదలుపెడతాయి. మీ ఫోనుకు ఆ మర్యాద తెలియదు.

కెమెరా సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌ను ఫోన్ మెమరీకి మార్చండి. కార్డే కావాలంటే ఎక్స్‌ఫ్యాట్‌తో వచ్చే 64 జీబీది, పైన వి30 గుర్తున్నది కొనండి. ఫోన్ దాన్ని తీసుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

సైజు ప్రతిసారీ వేరుగా ఉంటే నెమ్మది కార్డో, ఫోన్ వేడెక్కడమో కారణం. ఫోన్ మెమరీలోకి తీసినా ఆగితే వేడే అనుకుని కవరు తీసేయండి, ఛార్జింగ్‌లో పెట్టి తీయకండి. అన్నట్టు, పెళ్లి వీడియోకు 1080పి చాలు.