జయకాంత మిశ్ర: మైథిలీ సాహిత్య చరిత్ర రచన

సాహిత్య చరిత్రను వ్రాయబూనిన పండితునకు సామాన్యముగా ఎదురగు సమస్యలు కవుల కాలనిర్ణయము, గ్రంథకర్తృత్వము, యుగవిభాగము మొదలగునవి. అసలు ఆ భాష స్వతంత్ర భాషయేనా యను ప్రశ్న అతనికి సాధారణముగా రాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రను కూర్చునపుడు, తెలుగు ఇరుగుపొరుగుల వాడుకలోనున్న మఱియొక భాషకు మాండలికమను వాదమును ఖండింపవలసిన పని లేకపోయెను. మైథిలీ సాహిత్యమునకు సమగ్రమైన చరిత్రను రచించిన డాక్టర్ జయకాంత మిశ్రగారికి (1922–2009) ఆ ప్రశ్నయే మొదటిదయ్యెను. ఆయన కృషి యంతయు దానికి సమాధానముగా పరిణమించినది.

మైథిలి ఉత్తర బీహారునందలి దర్భంగా, మధుబని, సహర్సా ప్రాంతములలోను, నేపాల్ తరాయి ప్రాంతమునను వ్యవహారమున నున్న భాష. 2011 జనగణనము ననుసరించి భారతదేశమున దానిని మాతృభాషగా పేర్కొన్నవారు 1 కోటి 35 లక్షలకు పైబడియున్నారు. జార్జి గ్రియర్సన్ 1880 ప్రాంతములలోనే దీనికి వ్యాకరణమును, పాఠ్యసంకలనమును, పదకోశమును సమకూర్చెను. అనంతరము భాషా సర్వేక్షణమున మగహీ, భోజ్‌పురీలతో చేర్చి దీనిని ‘బిహారీ’ వర్గమున నిలిపి, ఆ వర్గము ప్రాచ్యశాఖకు చెందినదని నిరూపించెను. అయినను విద్యలోను, పాలనలోను మైథిలి హిందీకి ఉపభాషగానే చాలకాలము పరిగణింపబడినది. దీని లిపియగు తిరహుతా క్రమముగా వాడుక తగ్గి, ఆ స్థానమును దేవనాగరి ఆక్రమించెను.

ఈ స్థితికి విద్యాపతి కవి యశమే ఉత్తమ నిదర్శనము. ఆయన పదములు వంగదేశమున వైష్ణవ సంకీర్తనములతో కలిసిపోగా, ఆయనను వంగకవిగానే భావించిరి. 1875లో రాజకృష్ణ ముఖోపాధ్యాయుడు ఆయన మిథిలావాసి యని ప్రతిపాదించిన పిదపనే ఆ భావము సడలినది. అటుపైన హిందీ సాహిత్య చరిత్రకారులు ఆయనను తమ పరంపరలో చేర్చుకొనిరి. ఇట్లు ఒక భాషలోని మహాకవి ఇరువైపుల వారికిని ఆప్తుడైనను, ఆ కవి భాష మాత్రము గుర్తింపునకు నోచుకొనలేదు.

మిశ్రగారు పండిత వంశమున జన్మించిరి. తండ్రి మహామహోపాధ్యాయ ఉమేశ మిశ్రగారు భారతీయ దర్శన చరిత్రకారులుగా ప్రసిద్ధులు. జయకాంత మిశ్రగారు అలహాబాదు విశ్వవిద్యాలయమున ఆంగ్ల సాహిత్యాచార్యులుగా పనిచేసిరి. మిథిలకు వెలుపల నుండి, పరభాషా సాహిత్యమును బోధించుచు, తమ మాతృభాషా చరిత్రను ఆంగ్లమున రచించిరి. ఈ భాషా ఎంపికకు కారణము గ్రంథ ప్రయోజనముననే కలదు. మైథిలికి సాహిత్యము కలదని మైథిలులకు చెప్పనక్కఱలేదు. ఆ సంగతి నెఱుగవలసినవారు దేశమందలి తక్కిన పండితులు. గ్రంథము రెండు సంపుటములుగా 1949, 1950 సంవత్సరములలో వెలువడినది.

ఇందు మొదటి సంపుటము ప్రాచీన మధ్య యుగములకును, రెండవది ఆధునిక యుగమునకును సంబంధించినవి. ప్రాచీనయుగమునకు ఆధారస్తంభము జ్యోతిరీశ్వర ఠాకూరు రచించిన ‘వర్ణరత్నాకరము’. పదునాల్గవ శతాబ్ది పూర్వభాగమునకు చెందిన ఈ గద్యకృతిని సునీతికుమార చటర్జీ, బబువా మిశ్ర పరిష్కరింపగా 1940లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ ప్రకటించినది. నగరము, నాయిక, ఋతువులు మున్నగు వర్ణనీయ వస్తువులను గూర్చి కవులకు ఉపకరించు పదజాలమును క్రోడీకరించిన గ్రంథమిది. తెలుగున కావ్యభాష పద్యమున స్థిరపడగా, మైథిలియందు లభ్యములైన తొలి గ్రంథములలో గద్యమున కింతటి ప్రాముఖ్య ముండుట తులనాత్మక పరిశీలకులు గమనింపదగిన విశేషము. ఇంతటి వర్ణన పరికరములు అవసరమైన భాషకు అంతకుముందే కొంత సాహిత్యాభ్యాస ముండవలెనని ఊహించుట సహజము.

మధ్యయుగమున మిశ్రగారు ప్రధానముగా పరిశోధించినది నాటకము. సంస్కృత ప్రాకృత సంభాషణల నడుమ మైథిలీ గేయములు గల రూపకములు మిథిలలో వర్ధిల్లినవి. ఉమాపతి ‘పారిజాతహరణము’ వీనిలో ప్రసిద్ధము. నంది తిమ్మన ప్రబంధముగా సంతరించిన కథయే అక్కడ గేయనాటకమైనది. ఈ రూపకములను మిశ్రగారు ‘కీర్తనియా’ నాటకములని వ్యవహరించిరి. ఆ పేరు వీనికి ఎంతవరకు తగునను విషయమున తరువాతి విద్వాంసులలో చర్చ జరిగినది. నేపాలు లోయలో మల్లరాజుల ఆస్థానములందును మైథిలీ నాటకములు వెలసినవి. ఆ రాజధానులలో జనవ్యవహారము నేవారీ భాష; అయినను రంగస్థలమున మైథిలి ఆదరణ పొందినది. తంజావూరున మహారాష్ట్ర ప్రభువగు శాహజీ తెలుగున యక్షగానములు రచించిన చరిత్ర నెఱిగినవారికి ఇది సుబోధకము. స్వదేశమునకు వెలుపల, పరభాషీయుల పోషణమున వికసించిన సాహిత్యమును విడిచినచో ఈ రెండు భాషల చరిత్రలును అసమగ్రములగును.

అయితే ఇచ్చటనే మిశ్రగారి పద్ధతిని విమర్శదృష్టితో చూడవలసియున్నది. ఆయన అస్సామునందలి అంకియా నాటకములను సైతము మైథిలీ నాటక చరిత్రలో చేర్చిరి. శంకరదేవుడు, మాధవదేవుడు వాడిన వ్రజబులిలో మైథిలీ అంశము అధికమనుట నిజము. కాని ఆ నాటకముల రచయితలు, ప్రదర్శకులు, సామాజికులు, ధర్మసంస్థలు అస్సామునకు చెందినవి. విద్యాపతిని వంగీయులును, హిందీ చరిత్రకారులును తమలో చేర్చుకొనుటను కాదను హేతువే ఇచ్చటను వర్తించును. భాషాలక్షణము ఒక్కటే ప్రమాణమా, లేక రచనకు ఆశ్రయమైన సమాజము కూడ ప్రమాణమా యను ప్రశ్న ఇంకను విచారణీయము. ఒక భాషాస్తిత్వమును నిరూపించుటకై వ్రాయబడిన చరిత్ర తన యెల్లలను విస్తరింపజూచుట స్వాభావికము. దానిని పాఠకుడు ఎఱిగియుండుట ఆవశ్యకము.

గ్రంథస్థ సాహిత్యముతోడనే మిశ్రగారు తృప్తిపడలేదు. మిథిలా జానపద వాఙ్మయమునకు ప్రత్యేకముగా ఒక పరిచయ గ్రంథమును రచించిరి. ‘బృహత్ మైథిలీ శబ్దకోశము’నకు పూనుకొనిరి. దాని తొలి భాగమును 1973లో సిమ్లాలోని భారతీయ ఉన్నత అధ్యయన సంస్థ ప్రకటించినది. ప్రాచీన గ్రంథములు, జానపద గేయములు, నిఘంటువు అను మూడును ఒక భాషకు గతము, జీవనము, సంపద కలవని చూపు మూడు సాక్ష్యములు.

ఈ సాక్ష్యములకు ఫలము క్రమముగా లభించినది. 1963లో ఢిల్లీలో జరిగిన మైథిలీ గ్రంథ ప్రదర్శనమునకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ విచ్చేసెను. 1965లో సాహిత్య అకాడమీ మైథిలిని సాహిత్యభాషగా గుర్తించెను. మిశ్రగారి సాహిత్య చరిత్రను 1976లో ఆ అకాడమీయే ప్రచురించినది. 2003 నాటి 92వ రాజ్యాంగ సవరణముచే మైథిలి బోడో, డోగ్రీ, సంతాలీలతో కూడ అష్టమ షెడ్యూలున చేరినది. ఇది అనేకుల కృషిఫలము. కాని ఆ కృషికి పండితులు అంగీకరింపదగిన ఆధారములను ఒకచో కూర్చి యిచ్చిన గౌరవము మిశ్రగారిది.

గుర్తింపుతో భాషా సమస్య తీరిపోదు. మిశ్రగారి జీవితకాలమున బృహత్కోశము పూర్తికాలేదు. షెడ్యూలున చేర్చుట శాసనముచే ఒకనాడు జరుగవచ్చును. పదములను సేకరించుట, ప్రతులను పరిష్కరించుట తరములు సాగవలసిన పని. భారతదేశమున మాండలికములుగా లెక్కింపబడుచు, తమ చరిత్రలు వ్రాయబడని భాషలు నేటికిని పెక్కులున్నవి. వాని విషయమున తీర్పు చెప్పుటకు ముందు ప్రతులను, పాటలను, పదములను పరిశీలింపవలెనని మిశ్రగారి కృషి తక్కిన భాషల విద్వాంసులకు బోధించుచున్నది.