పాత బండికి ఇంజన్ ముందా? బ్రేకు ముందా?



మా చిన్నాన్న పాత మోటారు సైకిలు ఒకటి బాగు చేయించి ఘాట్ రోడ్డులో సంతకి నడపాలనుకుంటున్నాడు. మెకానిక్ షెడ్డులో విప్పేసిన బండ్లు రెండున్నాయి. ఒకటి యెజ్డీ 250, ఇంకొకటి బుల్లెట్ 350. డబ్బులు ఒక్క బండికే సరిపోతాయి. ఆ బండి మీద మా పిన్ని, పసుపు బస్తా కూడా ఘాటీ దిగాలి. మా ఇంట్లో బడికెళ్ళింది నేనే మొదలు. అందుకని లెక్క చూడమని నాకే చెప్పారు. మన సైన్సు పాఠం ఇక్కడ ఎలా పనికొచ్చిందో చదవండి.

1. ఇంజన్ సంగతి

యెజ్డీది టూ స్ట్రోకు. వాల్వులు ఉండవు, విప్పడం బిగించడం సులువు. మైసూరులో తయారయ్యేది, 1996లో ఆగిపోయింది. బుల్లెట్టుది ఫోర్ స్ట్రోకు, 346 సీసీ. పార్టులు ఎక్కువ, ఖర్చూ ఎక్కువ. కానీ తక్కువ స్పీడులోనే బరువు లాగుతుంది.

ఎక్కడానికి రెండూ పనికొస్తాయి. తేడా దిగేటప్పుడే తెలుస్తుంది. చిన్న గేరులో పెట్టి రేజు వదిలేస్తే ఇంజనే చక్రాన్ని పట్టి ఉంచుతుంది. దీన్ని ఇంజన్ బ్రేకింగ్ అంటారు. ఫోర్ స్ట్రోకులో ఈ పట్టు ఎక్కువ, టూ స్ట్రోకులో తక్కువ. పైగా టూ స్ట్రోకులో పెట్రోలుతో కలిసిన ఆయిలే పిస్టన్‌ని తడుపుతుంది. రేజు మూసి చాలాసేపు దిగితే పెట్రోలుతోపాటు ఆయిలూ తగ్గుతుంది. ఇంజన్ మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పిస్టన్ పట్టేసి బండి జారిపోవచ్చు.

2. లెక్క

బండి, ఇద్దరు మనుషులు, బస్తా కలిపి 300 కిలోలు అనుకుందాం.
వేగం గంటకి 36 కి.మీ. అంటే సెకనుకి 10 మీటర్లు.
గతిశక్తి = ½ × 300 × 10 × 10 = 15,000 జౌళ్ళు.
వేగం రెండింతలైతే 60,000 జౌళ్ళు. అంటే నాలుగింతలు!

ఇప్పుడు అదే వేగంతో 100 మీటర్ల ఎత్తు దిగాం అనుకోండి.
స్థితిశక్తి = 300 × 10 × 100 = 3,00,000 జౌళ్ళు.
అంటే 36 కి.మీ. వేగంలో 20 సార్లు బండి ఆపినంత శక్తి! కొంత గాలి తీసుకుంటుంది. మిగిలింది ఇంజన్ ఆపాలి, లేదా బ్రేకులో వేడిగా మారాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళు ఆ భారమంతా బ్రేకు మీదే వేస్తున్నారు.

3. బ్రేకు సంగతి

డ్రమ్ము బ్రేకులో షూలు లోపల మూసుకొని ఉంటాయి. వేడి త్వరగా బయటికి పోదు. డ్రమ్ము కాలితే వ్యాకోచించి షూలకి దూరం జరుగుతుంది. లైనింగు పట్టు కూడా తగ్గుతుంది. ఎంత నొక్కినా బండి ఆగదు. డిస్కు బ్రేకు బయట గాలిలో ఉంటుంది కాబట్టి తొందరగా చల్లారుతుంది. కానీ దాని ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. పాతబడితే వేడికి మరిగి పట్టు పోతుంది. అందుకని మారుస్తూ ఉండాలి.

ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని మన ఊళ్ళలో భయపడతారు. ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి ఎక్కువ పని చేసేది అదే. మలుపు రాకముందే, బండి తిన్నగా ఉన్నప్పుడు రెండూ కలిపి మెల్లగా వేయాలి. మలుపులో, గులకరాళ్ళ మీద గట్టిగా నొక్కితే మాత్రం జారుతుంది.

ఇంకొక సంగతి. పాత బుల్లెట్టుకి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉంటాయి. కొత్త బండ్లు అలవాటైనవాళ్ళు కంగారులో బ్రేకనుకొని గేరు తొక్కుతారు. ముందు మైదానంలో నేర్చుకోవాలి.

4. నేను చెప్పింది

బుల్లెట్ ఇంజనే ఉంచాలి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు ఆర్.సి.తో సరిచూసుకోవాలి. ముందు చక్రానికి డిస్కు వేయించాలి. దానికి ఫోర్కు, చక్రం కూడా మార్చాలి. అందుకు డబ్బులు చాలవు. చిన్నాన్న పెద్ద శబ్దం వచ్చే సైలెన్సరు కోసం దాచుకున్నది ఇందులో పెట్టమన్నాను. మొహం ముడుచుకున్నాడు, ఇంకా ఒప్పుకోలేదు. "సైలెన్సరు బండిని ఆపుతాదా?" అని పిన్ని అడిగింది. దానికి జవాబు చెప్పలేకపోయాడు.

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీ అన్నలకి, మామలకి ఒక్క మాట చెప్పండి: దిగుడులో ఇంజన్ ఆపొద్దు, న్యూట్రల్ చేయొద్దు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి.

మీకు ప్రశ్న: అదే 300 కిలోల బండి గంటకి 54 కి.మీ. వేగంతో పోతే గతిశక్తి ఎంత? జవాబు కాగితం మీద రాసి గోడపత్రిక దగ్గర నాకివ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని