ఇల్లు కొనే ముందు పొలం చూసినట్టు చూడండి



పై వీడియోలో కనిపించేది మా ఇంటి పడమటి గోడ. కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగిన బీట చూడండి, నా చిటికెన వేలు దూరుతుంది. ఈ వీడియో మే నెలలో తీసింది. అదే బీట సెప్టెంబరులో చూస్తే పెన్సిలు గీతంత ఉంటుంది. ఈరోజు పాఠం పంట గురించి కాదు, ఇంటి గురించి. అయినా చివరిదాకా చదవండి, ఎందుకంటే ఇది కూడా మన నేల గురించే.

మనలో చాలామంది పిల్లలు గుంటూరులోనో, విజయవాడలోనో, హైదరాబాదులోనో ఉంటున్నారు. మా పెద్దోడు విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు అడిగాడు: "నాన్నా, అద్దె కట్టీ కట్టీ విసుగొస్తోంది. ఒక ఎకరం అమ్మితే మిగతాది లోను పెట్టుకుని ఇల్లు కొంటాను." వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఆ ఎకరం ఏడేళ్లుగా ఘనజీవామృతం వేసి, నవధాన్యాలు చల్లి, ఆచ్ఛాదన పరిచి తయారుచేసిన నేల. ఇప్పుడు అక్కడ గుప్పెడు మట్టి తీస్తే వానపాము కనిపిస్తుంది. అమ్మితే మళ్లీ రాదు. అందుకని వాడికి ఒకే మాట చెప్పాను. "అమ్మనని అనను. కానీ పొలం కొనేటప్పుడు ఎన్ని చూస్తామో, ఇల్లు కొనేటప్పుడూ అన్నీ చూద్దాం. నేల, వాలు, నీళ్లు, కాగితం. ఆ తర్వాతే బయానా."

మూడు నెలలు ఇద్దరం తిరిగాం. అందులో నేర్చుకున్నది, నా సొంత ఇంటి దగ్గర చేసిన తప్పుతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

1. నేల: రేగడి ఇంటి కింద కూడా రేగడే

దాచేపల్లి చుట్టుపక్కల మనది నల్లరేగడి. కింద సుద్ద, దాని కింద నాపరాయి. ఎండాకాలం పొలంలో నెర్రెలు ఎలా విచ్చుకుంటాయో, వాన పడితే ఎలా మూసుకుంటాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఈ నేలలోని బంకమన్ను నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. పత్తికి, మిరపకు తేమ దాచిపెట్టే గుణం అదే. ఇంటికి శత్రువు కూడా అదే. పునాది రేగడిలోనే ఆగిపోతే, ఏడాదికోసారి నేల ఇంటిని ఎత్తుతుంది, దించుతుంది. అన్ని మూలలూ ఒకేలా లేవవు కాబట్టి గోడ చీలుతుంది.

నా తప్పు ఏమిటంటే, ఇల్లు కట్టాక వంటింటి నీళ్లు వృథా కాకూడదని పడమటి గోడకు మూడడుగుల దూరంలో గుంట తీసి అరటి పిలకలు నాటాను. పక్కనే మునగ కూడా పెట్టాను. ప్రకృతి వ్యవసాయం చేసేవాడిని, నీళ్లు వదులుకుంటానా! మూడేళ్లకు బీట వచ్చింది. తాపీ మేస్త్రి వచ్చి చూసి, "గోడ తప్పు కాదు బాబాయ్, ఒక పక్క నువ్వు తడిపావు, ఒక పక్క చెట్టు పీల్చింది, మధ్యలో ఇల్లు ఊగింది" అన్నాడు.

గుంటూరు వైపు చాలా లేఅవుట్లు నిన్నటిదాకా పత్తి, మిరప పండిన రేగడి మీదే వేశారు. పైన రెండడుగులు మెరక మట్టి తోలితే కింద నేల మారదు. కాబట్టి ఇవి చూడండి:

- కిటికీ, తలుపు మూలల నుంచి ఏటవాలుగా దిగే బీటలున్నాయా? ఉంటే కొత్తగా లప్పం పూసి రంగు వేశారా? ఇంటికంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగుంటే అడగండి.
- తలుపులు సరిగా పడుతున్నాయా? ఒక కాలంలో పట్టి ఇంకో కాలంలో బిగుసుకునే తలుపు నేల సంగతి చెబుతుంది.
- ఖాళీ స్థలం కొంటుంటే మూడు నాలుగు అడుగుల గుంట తవ్వించి మట్టి చూడండి. మట్టి పరీక్షలో "ఫ్రీ స్వెల్ ఇండెక్స్" అడగండి. 50 శాతం లోపు ఉంటే పెద్ద భయం లేదు. 100 దాటితే పునాది మేస్త్రి అంచనాతో కాదు, ఇంజినీరు డిజైనుతోనే వేయాలి.
- పునాది గట్టి నేల దాకా దిగాలి. రేగడి లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ అనే పద్ధతి ఉంది. అడుగున ఉల్లిగడ్డలా వెడల్పయ్యే కాంక్రీటు కాళ్లు వేసి, పైన బీముతో కలుపుతారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసం దీన్ని అభివృద్ధి చేసింది. కట్టిన ఇల్లు కొంటుంటే ఏ పునాది వేశారో డ్రాయింగు అడగండి.

ఇప్పటికే రేగడి మీద ఇల్లున్నవాళ్లు చేయాల్సింది ఇదీ. ఇంటి చుట్టూ మూడు నాలుగు అడుగుల చప్టా బయటికి వాలుగా వేయండి. డాబా నీళ్ల గొట్టం గోడ మొదట్లో వదలకండి. ఇంకుడు గుంట, అరటి పాదు కనీసం పది అడుగుల అవతల పెట్టండి. పెద్ద చెట్టయితే అది ఎంత ఎత్తు పెరుగుతుందో అంత దూరంలో నాటడం మేలు. బీట చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి, ఒక ఏడాది చూడండి. మేలో విచ్చుకున్న బీటలో సిమెంటు కూరితే, వానలకు మూసుకునే చోటు లేక పక్కన ఇంకోటి వస్తుంది. నేనూ అలాగే ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను. ముందు నీళ్లు సరిచేయండి, తర్వాత బీట.

2. వాలు: నీళ్లకు దారి గుర్తుంటుంది

విజయవాడ శివారులో ఒక ఇల్లు చూశాం. మంచి ఇల్లు, ధర కూడా అందుబాటులో ఉంది. మావాడు లోపల గదులు కొలుస్తుంటే నేను బయట తిరిగాను. పక్క ఖాళీ స్థలంలో జమ్ము ఉంది. జమ్ము ఎక్కడ మొలుస్తుందో మీకు తెలుసు. వీధి కన్నా ఇంటి గడప జానెడు కిందికి ఉంది. ప్రహరీ వెనక వైపు రంగు వేయని చోట, నా నడుము ఎత్తున ఒక మట్టి చార. పాలు పోసే పెద్దాయన్ని అడిగితే, "బుడమేరు వచ్చినప్పుడు వారం రోజులు నీళ్లలోనే ఉందయ్యా" అన్నాడు. అమ్మేవాళ్లు ఆ మాట చెప్పలేదు.

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబరు 1న బుడమేరు పొంగి, మూడు చోట్ల గండ్లు పడి, సింగ్ నగర్ వైపు కాలనీలు ఎలా మునిగాయో టీవీలో అందరం చూశాం. ఆ వాగుకు "బెజవాడ దుఃఖదాయని" అనే పేరు ఎప్పటినుంచో ఉంది. 2005లోనూ పొంగింది. హైదరాబాదులో 1908 సెప్టెంబరులో మూసీ ముంచాకే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఇప్పుడు అక్కడ చెరువుల ఎఫ్‌టీఎల్ లోపల, అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే హద్దు లోపల కట్టిన వాటిని 2024లో ఏర్పడిన హైడ్రా కూలుస్తోంది. వాళ్లలో తెలియక కొన్నవాళ్లూ ఉన్నారు.

మన నాగులేరు పక్క పొలం కొనేటప్పుడు ఏం చేస్తాం? వాన ఎటు పారుతుంది, పై పొలం నీళ్లు ఎటు దిగుతాయి అని అడుగుతాం. ఇల్లు కొనేటప్పుడూ అంతే.

- ఊరి పటం, సర్వే పటం తీయించి దగ్గర్లో వాగు, కుంట, చెరువు ఉన్నాయేమో చూడండి. కాగితంలో "వాగు పోరంబోకు", "చెరువు పోరంబోకు", తెలంగాణలో అయితే "శిఖం" అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగండి.
- గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు చూడవచ్చు. పదిహేనేళ్ల కింద అక్కడ నీళ్లున్నాయో, పొలం ఉందో తెలుస్తుంది.
- బ్రోకరును కాదు, అక్కడ పాతికేళ్లుగా ఉన్న కిరాణా కొట్టాయన్ని, పాలాయన్ని అడగండి.
- అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారైనా గట్టి వాన పడిన రోజు వెళ్లి చూడండి.

3. నీళ్లు: బోరు ఉందా అని కాదు, ఏ నీళ్లు అని అడగండి

బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం ట్యాంకర్లు ఎన్ని వస్తాయి అని పక్కవాళ్లను అడగండి. ఒక సీసా నీళ్లు పట్టుకొచ్చి పరీక్ష చేయించండి. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపు మంచిది, 1.5 దాటకూడదు. మన పల్నాడు, ప్రకాశం, అవతల నల్గొండ వైపు ఈ ఫ్లోరైడు మాట తప్పకుండా చూడాలి.

వాన నీళ్ల లెక్క మనకు సులువే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే 80,000 లీటర్లు. అయిదో వంతు పోయినా 64,000 మిగులుతాయి. తొట్టి కట్టుకునే చోటుందా అని చూడండి.

4. డాబా: మిద్దెతోట బరువు

మన పిల్లలు కదా, ఇల్లు కొనగానే మిద్దెతోట అంటారు. సంతోషమే. కానీ మనుషులు తిరిగే డాబాకు మామూలుగా చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కన డిజైను చేస్తారు. అడుగు లోతు తడి మట్టి చదరపు మీటరుకు 500 కిలోలు ఉంటుంది. కాబట్టి డాబా అంతా మడి కట్టడం కుదరదు. కుండీలు బీముల మీదుగా, గోడల వెంట పెట్టండి. మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, ఎరువు ఎక్కువ కలపండి. కుండీ కింద స్టాండు ఉండాలి, నీరు నిలవకూడదు. కొనేముందే పై అంతస్తు కప్పులో చెమ్మ మచ్చలు చూసుకోండి.

5. కాగితం: పొలానికి ఒకటి, ఇంటికి ఇంకొకటి

అడంగల్, వన్-బీ చూడటం మనకు వచ్చు. ఇంటికి ఇంకా కొన్ని కావాలి. కనీసం 30 ఏళ్ల ఈసీ, లింకు దస్తావేజులు అన్నీ ఒరిజినల్‌గా చూడాలి. సర్వే నంబరు నిషేధిత భూముల 22-ఏ జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడగాలి. లేఅవుట్‌కు అనుమతి, ఇంటికి ప్లాను, కట్టాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉండాలి. ప్లానులో మూడంతస్తులుండి ఎదురుగా అయిదు కనిపిస్తే మీరే లెక్క వేసుకోండి.

కొత్త ఫ్లాటు అయితే 2016 నాటి రెరా చట్టం ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరాలో రిజిస్టరు కావాలి. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి బయానా తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన అయిదేళ్ల లోపు కట్టడంలో లోపం బయటపడితే కట్టినవాళ్లే సరిచేయాలి. ధర కార్పెట్ ఏరియా మీద అడగండి, అంటే గోడల మధ్య మీరు నిజంగా వాడుకునే చోటు. మీ వాటాకు ఎన్ని గజాల స్థలం వస్తుందో దస్తావేజులో రాయించండి. యాభై ఏళ్ల తర్వాత భవనం మిగలకపోయినా నేల మిగులుతుంది.

పొలం అమ్మేవాళ్లకు ఇంకో మాట. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను ఉండదు. కానీ పొలం పట్టణ పరిధిలో ఉన్నా, పట్టణం హద్దుకు దగ్గరగా ఉన్నా అది గ్రామీణ భూమి కిందికి రాకపోవచ్చు. జనాభా 10,000 దాటి లక్ష లోపు ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్లు, 10 లక్షల లోపు అయితే 6, ఆపైన 8 కిలోమీటర్ల దాకా ఈ లెక్క వర్తిస్తుంది. మన దాచేపల్లి ఇప్పుడు నగర పంచాయతీ. అమ్మకముందే ఆడిటరును అడగండి, అమ్మాక కాదు.

చివరికి మేం ఏం చేశాం

ఇల్లు ఇంకా కొనలేదు. మావాడికి మొదట కోపం వచ్చింది. "నీకు పొలం అమ్మడం ఇష్టం లేక వంకలు పెడుతున్నావు" అన్నాడు. అందులో కొంత నిజం లేకపోలేదు, ఒప్పుకున్నాను. కానీ గోడ మీద ఆ మట్టి చార చూపించాక తనే ఫోను తీసి ఫోటో తీసుకున్నాడు. ఇప్పుడు ఒక పాత ఫ్లాటు చూసి పెట్టుకున్నాం. చిన్నదే, కానీ మెరక మీద ఉంది, కాగితాలు సరిగ్గా ఉన్నాయి, ఎకరం బదులు అర ఎకరంతో సరిపోతుంది. ఆ అర ఎకరం కూడా బోరుకు దూరంగా, ఇంకా సరిగా తయారుకాని తూర్పు చెక్క. ఈసారి పెద్ద వాన పడిన రోజు ఇద్దరం వెళ్లి ఆ వీధిలో నిలబడి చూస్తాం. నీళ్లు నిలవకపోతే అప్పుడు బయానా ఇస్తాం.

మీ పిల్లలు పట్నంలో ఇల్లు చూస్తుంటే వాళ్లను ఒంటరిగా పంపకండి, మీరూ వెంట వెళ్లండి. లోను, వడ్డీ, కార్పెట్ ఏరియా వాళ్లకు బాగా తెలుసు. జమ్ము ఎక్కడ మొలుస్తుందో మీకు తెలుసు.

వచ్చే వీడియోలో వేసవి దుక్కి లేకుండా నవధాన్యాలు ఎలా చల్లామో చూపిస్తాను.